బొటనవేలి గుంట

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. అది జీతం వేసేవాళ్ళకీ బ్యాంకువాళ్ళకీ తప్ప ఎవరికీ పట్టదు. పనిచేసే చోట యజమాని దగ్గర్నుంచి టీ తెచ్చే ముసలాయన దాకా అందరికీ ఆమె సొట్టక్క. బుగ్గన సొట్ట పడుతుందని కాదు. నవ్వితే పడుతుందేమో గానీ, పనివేళల్లో ఆమె నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. ఆమె ఉద్యోగమే సొట్టలు పెట్టడం, అందుకని ఆ పేరు.

తేలిగ్గా తీసెయ్యకండి. షాంపూ సీసా తడి చేతిలోంచి జారకుండా నడుము దగ్గర వేళ్ళకి చిన్న చిన్న పల్లాలుంటాయి చూడండి. ఇస్త్రీపెట్టె పిడి మీద బొటనవేలు ఆనించుకునే గుంట ఉంటుంది. టార్చిలైటు వంపు మీద మీట ఒదిగి కూర్చునే చోటుంటుంది. వాటిని ఎవరో ఒకరు ముందుగా కంప్యూటర్లో చెక్కాలి. ఆ చెక్కింది చూసి కింది అంతస్తులో మేస్త్రి ఇనుప అచ్చు చేస్తాడు, అచ్చులో ప్లాస్టిక్ పోస్తారు, అది అంగళ్ళకెక్కి మన ఇళ్ళకి వస్తుంది. వాడినన్నాళ్ళూ మనం ఆ గుంటని తలుచుకోనే తలుచుకోం. తలుచుకున్నామంటే అది సరిగ్గా కుదరలేదన్నమాట.

చదును చెక్క మీద గుంట ఎవరైనా తవ్వుతారు. గుండ్రటి దాని మీద తవ్వమంటేనే తడబాటు. కొత్తగా చేరినవాళ్ళందరూ చేసే తప్పు ఒకటే. పిడికి పైన గాల్లో ఒక చదును పలకని ఊహించుకుని, దాని మీద కోడిగుడ్డు ఆకారం గీసి, తిన్నగా కిందికి దింపేస్తారు. పిడేమో దోసకాయలా వంపు తిరిగి ఉంటుంది, గుంట అడుగేమో చదును. దాంతో నడిమధ్య బావిలా దిగిపోతుంది, పక్కల్లో గీత పడిందో లేదో అన్నట్టుంటుంది. తెర మీద చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వేలు పెట్టినవాడు మాత్రం తిట్టుకుంటాడు. సొట్టక్క వాళ్ళకి పాఠం చెప్పదు. ఒక నారింజ పండూ చాకూ చేతికిచ్చి, తొక్క మీద చుట్టూ గాటు పెట్టి ఆ ముక్క వరకే లేపమంటుంది. లేపాక అడుగు చూడమంటుంది. అడుగూ పండులాగే గుండ్రంగా ఉంటుంది, ఎక్కడ చూసినా తొక్క మందమే లోతు. కంప్యూటర్లోనూ అంతే. పిడి చర్మం కింద అదే వంపుతో రెండో చర్మం ఒకటి పరచుకోవాలి, కోత అక్కడిదాకా వెళ్ళి ఆగాలి, చివర్న అంచుల్ని నున్నగా మలచాలి.

ఈ నారింజ పాఠం ఆమె మొట్టమొదట చెప్పింది సొంత తమ్ముడికి. చదువు అయ్యీ అవ్వనట్టు ముగించి, ఊరి మీద పడి తిరుగుతున్న రోజుల్లో అమ్మ అతన్ని ఆమెకి అప్పగించింది. "నీ పక్కన ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టుకోవే, నిన్ను చూసి నేర్చుకుంటాడు" అంది. సొట్టక్క యజమానిని బతిమాలి కుర్చీ వేయించింది. నారింజ ఇస్తే తమ్ముడు గాటు పెట్టకుండానే ఒలుచుకు తినేశాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. అతన్ని చూసి నవ్వకుండా ఉండటం కష్టం, అంత కలుపుగోలు మనిషి. పని సగం వంటబట్టించుకున్నాడు, మాటలు మాత్రం నిండా నేర్చాడు. ఆ మాటల బలంతోనే కత్తులూ కత్తెరలూ చేసే ఒక పెద్ద కంపెనీలో చేరాడు. కొత్త సరుకు ఏం చెయ్యాలో పైవాళ్ళకి చూపించే విభాగం. పెళ్ళి చేసుకుని వేరు కాపురం పెట్టాడు. సొట్టక్క పెళ్ళి ఊసు ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయింది, ఎవరు ఆపారో ఎవరికీ గుర్తులేదు. ఆమే అమ్మా కలిసి ఉంటారు.

అమ్మ దర్జీ. నాన్న పోయాక ముందుగదిలో మిషను వేసుకుని, వీధి వీధంతా తొడిగే బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్నీ పైకి తెచ్చింది. పనికి కొత్తలో మిషను చక్రానికీ తోలు పట్టీకీ మధ్య ఆమె కుడిచేతి బొటనవేలు ఇరుక్కుంది. ఎముక అతుక్కుంది గానీ పైకణుపు బయటికి తిరిగిపోయింది. ఆ తిరిగిన వేలితోనే అన్నాళ్ళూ కత్తెర పట్టింది. పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు, ముద్దూ చెయ్యలేదు. తీరికేదీ? కానీ కొడుకు విషయంలో ఆ తీరిక ఎలాగో దొరికేది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారే, అంత కాదు. ఒక కంట వెన్న, రెండో కంట ఏమీ లేదు. కూతురు ఎప్పుడైనా ముఖం చిన్నబుచ్చుకుంటే "నీకేమే, నువ్వు ఎక్కడ పడేసినా బతుకుతావు" అనేది. చిన్నప్పుడు సొట్టక్క దాన్ని మెచ్చుకోలే అనుకుంది. చాలా కాలం అలాగే అనుకుంది.

కొన్నేళ్ళ కిందట అమ్మ కీళ్ళు వాచడం మొదలైంది. కత్తెర పిడి కన్నంలో బొటనవేలు నిలిచేది కాదు, జారిపోయేది. సగం కత్తిరించిన గుడ్డ బల్ల మీద పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. ఇచ్చిన గుడ్డల్ని ఎవరివి వాళ్ళకి మడతపెట్టి తిరిగిచ్చేసింది. ఆ మడతలు పెట్టడం చూశాక సొట్టక్క ఉండబట్టలేకపోయింది. పిల్లలు ఆడుకునే రంగుమట్టి తెచ్చి, పాత కత్తెర పిడి చుట్టూ ముద్దగా అంటించి, "చెయ్యివ్వమ్మా" అంది.

అమ్మ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వచ్చి ఎత్తుపీట మీద కూర్చుని చెయ్యి చాపింది. సొట్టక్క ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మట్టి మీద అమర్చి, పైనుంచి మెల్లగా నొక్కింది. నొక్కిన చోట నొప్పి పుడితే అమ్మ కళ్ళు మూసుకుంటుంది, ఆ చోటు గుర్తుపెట్టుకోవాలి. అమ్మ చెయ్యి వెచ్చగా, బరువుగా, తీసుకోవాలన్న తొందర లేకుండా కూతురి చేతుల్లో ఉండిపోయింది. ఊహ తెలిశాక అమ్మ అంతసేపు ఆమెకి దొరకడం అదే మొదలు. తమ్ముడికి అన్నీ ఉండనీ, ఇదొక్కటి నాది అనుకుంది సొట్టక్క. పైకి అనలేదు.

ఆ మట్టి ముద్రని పక్కన పెట్టుకుని ఇంట్లో తన కంప్యూటర్లో పిడి చెక్కింది. వంపు తిరిగిన పిడి మీద వాలు గుంట. మామూలు గుంట తిన్నగా ఉంటుంది, ఇది బయటి పక్కకి తిరిగి ఉంటుంది, తిరిగిన వైపు కాస్త ఎక్కువ లోతు. కంప్యూటర్లో చేసిన ప్రతి మెట్టూ ఒక వరసలో నిలిచి ఉంటుంది. ఏ మెట్టుకి ఆ మెట్టు విప్పి మార్చుకోవచ్చు, ఏ మెట్టుకైనా పేరు పెట్టుకోవచ్చు. గుంట తవ్విన మెట్టుకి ఆమె 'అమ్మ వేలు' అని పేరు పెట్టింది. యజమానిని అడిగి ఆఫీసు త్రీడీ ప్రింటరులో తీసింది, మేస్త్రి దాన్ని మంచి కత్తెర రెక్కలకి బిగించి ఇచ్చాడు. మొదటిది అంచు కొరికింది. రెండోది వదులైంది. ఆ తరవాతదానితో అమ్మ ఒక పాత దుప్పటిని ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా కత్తిరించింది. కత్తిరించి, "వేలు దాని ఇంట్లో అది కూర్చున్నట్టుందే" అంది. ఆ మాట సొట్టక్క ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

వాపు హెచ్చినప్పుడల్లా, తగ్గినప్పుడల్లా పిడి మళ్ళీ చెయ్యాలి. మళ్ళీ రంగుమట్టి, మళ్ళీ "చెయ్యివ్వమ్మా". అమ్మ మళ్ళీ కుట్టుపని మొదలుపెట్టింది. ఒక ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చినప్పుడు సొట్టక్క తన మనసులో మాట చెప్పింది. ఇలాంటి చేతులు ఊళ్ళో ఎన్నో ఉంటాయి, ఎవరి వేలి కొలత వాళ్ళకి తీసి పిడి చేసిస్తే ఎలా ఉంటుందో యజమానిని అడగాలనుకుంటున్నానని. తమ్ముడు ముద్ద నములుతూ, బాగుంటుందక్కా, అడుగు అన్నాడు. అమ్మ ఇద్దరికీ పెరుగు వడ్డించింది.

అడగాలి, అడగాలి అనుకుంటూనే రోజులు జరిగాయి. ఆఫీసులో సీసాల పని మీద పడింది. ఇంతలో ఒక సాయంత్రం అమ్మకి జాకెట్ల లోపలికి లైనింగు గుడ్డ కావాలంటే బట్టల అంగడికి వెళ్ళింది సొట్టక్క. గల్లా పక్కన గాజు అరలో కత్తెరలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని పిడి మీద వాలు గుంట ఉంది.

అడిగి చేతిలోకి తీసుకుంది. తన బొటనవేలు పెట్టి చూసింది, కుదరలేదు. కుదరకపోవడమే ఆమెకి రుజువు. ఆ గుంట లోకంలో ఒక్క వేలికే కుదురుతుంది. అంగడివాడు కొత్త సరుకని, చేతుల నొప్పులున్నవాళ్ళ కోసం చేశారని ఏకరువు పెడుతున్నాడు. డబ్బా మీద తమ్ముడి కంపెనీ గుర్తు చూసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగని పట్టడం ఏమంత కష్టం కాలేదు. వీడా, నేను కుర్చీ వేయించిన వీడా అని ఒళ్ళు మండింది. మండుతూనే డబ్బా తిప్పింది.

వెనకవైపు ఫోటో ఉంది. నీలం గుడ్డని కత్తిరిస్తున్న ఒక చెయ్యి. మణికట్టు దాకానే ఉంది, మనిషి లేదు. బొటనవేలు పైకణుపు బయటికి తిరిగి ఉంది.

తమ్ముడి మీద మండిన మంట అక్కడ ఆరిపోయింది. దాని చోట్లోకి వచ్చింది మంట కాదు. లైనింగు గుడ్డ సంగతి మరిచిపోయి, ఆ కత్తెరే కొనుక్కుని బయటికొచ్చి, బస్సు ఆగే చోట బల్ల మీద కూర్చుంది. ఒకదాని వెనక ఒకటి బస్సులు పోతున్నాయి. ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. అమ్మ మంచి బట్టలు కట్టుకుని, కళ్ళ డాక్టరు దగ్గరికి తమ్ముడు తీసుకెళ్తానన్నాడని చెప్పి వెళ్ళిన రోజు. సాయంత్రం ఏమన్నాడమ్మా డాక్టరు అంటే చుక్కలు వేశాడు, కళ్ళు మసకగా ఉన్నాయి అంది. ఆ పూట సొట్టక్క అమ్మని వంటింట్లోకి రానివ్వలేదు. అమ్మ కళ్ళకి శ్రమ లేకుండా మర్నాటి పనికి కావలసిన సూదులన్నిటికీ దారాలెక్కించి, దిండు మీద వరసగా గుచ్చిపెట్టింది. అమ్మ ఆ సూదుల్ని చూస్తూ కూర్చుంది. అలిసిపోయిందనుకుంది.

ఇంటికెళ్ళి డబ్బాని మిషను బల్ల మీద, ఫోటో పైకి ఉండేలా పెట్టింది. అమ్మ మిషను ఆపింది. డబ్బాని బోర్లా తిప్పింది.

"తిప్పితే ఏమవుతుందమ్మా? ఊళ్ళో అంగళ్ళన్నిట్లో ఉంది."

అప్పుడు అమ్మ చెప్పింది. మెల్లగా, పాత బట్ట కుట్లు విప్పుతున్నట్టు ఒక్కొక్కటే చెప్పింది. తమ్ముడి ఉద్యోగం ఊగిసలాడుతోందట. చేరినప్పటి నుంచీ మాటలే గానీ ఒక్క కొత్త వస్తువూ చూపించలేదని పైవాళ్ళు గట్టిగా అడిగారట. ఒకరోజు సొట్టక్క ఆఫీసులో ఉండగా వచ్చి, ఈ ఎత్తుపీట మీదే కూర్చుని ఏడ్చాడట. ఆమె గది తలుపు తీసిందీ, ఏ కంప్యూటరో చూపించిందీ అమ్మే. తరవాత పైవాళ్ళ ముందు కత్తిరించి చూపించాలంటే వెళ్ళిందీ అమ్మే.

"ఎవరు చేశారని అడగలేదా వాళ్ళు?"

"అడిగారు. వాడు నా మొహం చూశాడు. మా అబ్బాయే చేశాడని నేనే చెప్పాను."

తమ్ముడి నోట్లోంచి ఆ మాట వచ్చి ఉంటే సొట్టక్కకి ఇంత నొప్పి ఉండేది కాదు.

"నన్ను అడగచ్చు కదమ్మా. ఒక్క మాట."

"అడిగితే ఇచ్చేదానివా?"

"అడిగి చూశావా?"

అమ్మ మిషను మీది గుడ్డని సాపు చేసింది, మళ్ళీ సాపు చేసింది. చివరికి ఎప్పుడూ అనే మాటే అంది. "నీకేమే, నువ్వు ఇంకోటి చేసుకోగలవు. వాడికి చేతకాదు."

నిజం చెప్పాలంటే, అడిగి ఉంటే సొట్టక్క ఇచ్చేసేది. రెండు రోజులు అలిగి, మూడో రోజు తనే దగ్గర కూర్చుని వాడికి అన్నీ విడమరిచి చెప్పేది. ఆ సంగతి ఆమెకి తెలుసు, తమ్ముడికి తెలుసు, అమ్మకి ఇంకా బాగా తెలుసు. దొంగతనం అక్కర్లేని ఇంట్లో దొంగతనం జరిగింది. ఎందుకంటే అడగడమంటే ఆమెని కూడా ఒక మనిషిగా లెక్కెయ్యడం. దానికన్నా తలుపు తియ్యడమే వాళ్ళకి సుళువైంది. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ముందుగదిలో మిషను చప్పుడు చాలాసేపు లేదు, తరవాత మొదలైంది.

బయట ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఒకరోజు మేస్త్రి ఆ కత్తెర పట్టుకొచ్చి, "సొట్టక్కా, ఇది నీ చేతి గుంటే, నేను బిగించిన పిడే. బజార్లోకి ఎలా వచ్చింది?" అన్నాడు. గుంటలన్నీ ఒకలాగే ఉంటాయిలే అంది. గుంటలన్నీ ఒకలాగే ఉండవని ఆమె దగ్గరే విన్న మనిషాయన. ఇంకేమీ అడగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

యజమానిని అడగాలనుకున్నది మాత్రం ఇక అడగలేదు. అడిగితే ఎవరిదో కత్తెర చూసి కాపీ కొట్టింది అంటారు. తన వస్తువుకి తనే దొంగవ్వాల్సి వచ్చింది.

కొన్ని నెలలకి తమ్ముడు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. ఈ మధ్యలో ఫోన్లు చేశాడు గానీ ఆమె ఎత్తలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు నీళ్ళు నమిలి, అక్కా, తప్పయిపోయింది అన్నాడు. ఆ ఒక్క మాటకోసం వచ్చి ఉంటే ఏమయ్యేదో. కానీ దాని వెనకే అసలు సంగతి వచ్చింది. కత్తెరలు వెనక్కి వస్తున్నాయి. కొన్నవాళ్ళు వేలు కుదరడం లేదంటున్నారు. మొదట్లో పైవాళ్ళు కూడా పట్టి చూశారు, కొత్త వస్తువు కదా, వాడగా వాడగా అలవాటవుతుందని సరిపెట్టుకున్నారు. ఎదురుగా ఒక దర్జీ హాయిగా కత్తిరించి చూపించాక ఇంకెందుకు అనుమానం? ఇప్పుడు అంగళ్ళవాళ్ళు కట్టలు కట్టి వెనక్కి పంపుతున్నారు. లోపం ఎక్కడుందో తెలియక తమ్ముడు తల పట్టుకున్నాడు.

"లోపమేముంది? అది అమ్మ వేలికి చేసింది. అమ్మ వేలు వంకర కదా" అంది సొట్టక్క.

"అమ్మ వేలు వంకరా?" అన్నాడు తమ్ముడు.

నటన కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వేలు కలిపి పెట్టిన అన్నం తిన్నాడు, ఆ వేలు కుట్టిన చొక్కాలు తొడిగాడు. ఒక్కసారైనా ఆ వేలిని చూడలేదు. అతని లెక్కలో బొటనవేలంటే అలాగే ఉంటుంది. సొట్టక్క అతని మొహం వైపు చూసి, ఇంతకాలం వీడి మీద కోపం పెట్టుకోవడం కూడా దండగేమో అనుకుంది. చూడను కూడా చూడని వాడికోసం అమ్మ నోరు అబద్ధమాడింది.

తనే సరిచెయ్యబోయాడట. వాళ్ళ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేరు కాబట్టి, ఆ రోజు పిడిని తయారైన ముద్దగానే పట్టుకెళ్ళాడు, మెట్ల వరస వెంట రాలేదు. వండిన కూరలోంచి ఉప్పు తియ్యగలమా? పాత గుంట పూడ్చి, పైనుంచి తిన్నగా కొత్త గుంట దింపాడు. నడిమధ్య లోపలి ఇనుము బయటపడింది, పక్కలు చదునుగా ఉండిపోయాయి. నారింజ ఒలుచుకు తిన్న ఫలితం.

"ఎవరో ఒకాయన ఉత్తరం కూడా రాశాడక్కా. ఏ అవిటి చేతివాళ్ళ కోసం చేశార్రా దీన్ని అని. ఆఫీసులో అందరూ నవ్వారు" అన్నాడు తమ్ముడు, తన అవమానం చెప్పుకుంటున్నాననుకుని.

వంటింటి గుమ్మం దగ్గర అమ్మ నిలబడి ఉంది. అప్పుడే టీ గ్లాసులు తెస్తోంది. కుడిచెయ్యి గ్లాసు మీంచి తీసి కొంగులో పెట్టుకుంది. సొట్టక్క అది చూసింది. అంత కోపంలోనూ, అంత దుఃఖంలోనూ ఆమె ప్రాణం చివుక్కుమంది. లేచి వెళ్ళి కంప్యూటరు తెరిచింది.

మెట్ల వరస తెర మీదికొచ్చింది. తమ్ముడు వెనక నిలబడి ఒక్కొక్క పేరే చదువుతూ 'అమ్మ వేలు' దగ్గర ఆగాడు. ఇక్కడ రాసే ఉందే అని గొణిగాడు. సొట్టక్క పిడికి వేరే నకలు తీసుకుని, దాన్లో ఆ మెట్టు విప్పింది. వాలిన ఆకారాన్ని తిన్నగా నిలబెట్టింది. ఒక పక్క ఎక్కువున్న లోతుని సమం చేసింది. లోపలి చర్మం దాకా మళ్ళీ కోసి, అంచులు నున్నగా మలిచింది. కొరకని అంచు, ఏ వేలైనా ఒప్పుకునే గుంట. అమ్మ వేలు ఇక దాన్లో పట్టదు. అయ్యాక పెన్‌డ్రైవులో వేసి తమ్ముడి చేతిలో పెట్టింది.

తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతనికి అవి ఎప్పుడూ తొందరగానే వస్తాయి. "ఈసారి నీ పేరే చెప్తానక్కా. నువ్వే చేశావని చెప్తాను."

"వద్దు. మా అబ్బాయే అని అమ్మ చెప్పేసింది కదా. అమ్మ మాట అబద్ధం చెయ్యకు."

"మరి ఎందుకు చేసిచ్చావు?"

"అమ్మ వేలు బజార్లో పడి మాటలు పడటం నాకిష్టం లేదు. ఆ ఫోటో కూడా తీయించెయ్."

తమ్ముడు టీ తాగి వెళ్ళిపోయాడు. తరవాత విన్నదేమంటే, కొత్త కత్తెరలు బాగానే పోతున్నాయట, అతన్ని ఒక మెట్టు పైకి కూడా ఎక్కించారట. డబ్బా మీద ఇప్పుడు ఎవరిదో నున్నటి చెయ్యి ఉంది.

తమ్ముడు వచ్చి వెళ్ళాక ఇంట్లో మాటలు మామూలుగానే నడిచాయి. అన్నం, కూర, కరెంటు, నీళ్ళు. బయటివాళ్ళు చూస్తే ఏ తేడా కనపడదు. అమ్మ మాత్రం కూతురికి ఇష్టమైనవి వండటం మొదలుపెట్టింది, ఇన్నేళ్ళకి. సొట్టక్క తినేది, బాగుందనేది, కంచం కడిగి పెట్టేసేది.

చలి పెరిగాక అమ్మ కీళ్ళు మళ్ళీ వాచాయి. పాత పిడి వేలికి ఇరుకైపోయింది. కొత్త పిడి చెయ్యాలని సొట్టక్కకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కత్తెర చప్పుడు తడబడుతుంటే గోడవతల నుంచి వింటూనే ఉంది. ఒక సెలవు రోజు పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని పాత పిడి తెరిచింది.

అమ్మ ఎలా కనిపెట్టిందో గానీ, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గదిలోకి వచ్చింది. ఎత్తుపీట తనే జరుపుకుని కూర్చుంది. రంగుమట్టి డబ్బా కూడా తనే అలమారలోంచి తెచ్చింది. డబ్బాని బల్ల మీద పెట్టి, కుడిచెయ్యి చాపింది. ఈసారి అరచెయ్యి పైకి తిప్పి చాపింది, ఏదో అడుగుతున్నట్టు.

సొట్టక్క తెర మీంచి చూపు తిప్పలేదు.

"చెయ్యి అక్కర్లేదమ్మా. పాత కొలత ఉంది."

"వాపు పెరిగిందే."

"తెలుసు. అటూ ఇటూ కాస్త పెంచుతాను. సరిపోతుంది."

అలా సరిపోదని ఇద్దరికీ తెలుసు. అమ్మ చెయ్యి కాసేపు బల్ల మీద అలాగే ఉంది. తరవాత ఆమె దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంకాసేపు కూర్చుని, డబ్బా మూత తియ్యకుండానే తీసుకెళ్ళి అలమారలో పెట్టేసింది.

పిడి తయారై వచ్చింది. మేస్త్రి బిగించి ఇచ్చాడు. మర్నాడు సొట్టక్క ఆఫీసుకి బయల్దేరుతూ ముందుగదిలోంచి వెళ్తుంటే అమ్మ గుడ్డ కత్తిరిస్తోంది. బొటనవేలికి పాత గుడ్డపేలిక చుట్టుకుంది. అంచు కొరుకుతోందన్నమాట.

సొట్టక్క గుమ్మంలో ఆగింది. "బాగుందా అమ్మా?"

అమ్మ తలెత్తలేదు. "బాగుందే. దాని ఇంట్లో అది కూర్చున్నట్టుంది" అంది.

సొట్టక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.